మంచుకొండల్లో శీతాకాలం ట్రెక్: అవలాంచ్‌కి చిక్కకుండా వెళ్ళిరావడం ఎలా?

డిసెంబరు నుంచి మార్చి దాకా పాఠకుల నుంచి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "గుల్మార్గ్‌లో గండోలా (కేబుల్ కార్)లో పైదాకా వెళ్ళి అక్కడి నుంచి కాస్త నడుద్దామనుకుంటున్నాం, అవలాంచ్ (మంచుచరియ) భయం ఉందా?" "ఉత్తరాఖండ్‌లో మంచు ట్రెక్ బుక్ చేశాం, బీకన్ (మంచు కింద చిక్కినవారి జాడ కోసం సిగ్నల్ పంపే, వెతికే పరికరం) ఉండాల్సిందేనా?" "మేం స్కీయింగ్ చేయం, నడిచేవాళ్ళమే. మాకెందుకు ఇదంతా?"

చివరి ప్రశ్నకి జవాబు ముందు చెప్పాలి. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా వెళ్ళే దారిలో మంచుచరియ విరిగిపడి 7 మంది చనిపోయారు. వాళ్ళెవరూ స్కీయర్లు కారు, పర్వతారోహకులు కారు. కార్లలో వచ్చి మంచు చూద్దామని దిగిన మామూలు పర్యాటకులు. కాబట్టి పైన నిటారు వాలు, దాని మీద మంచు, కింద మీరు ఉంటే చాలు, ఈ విషయం మీకు సంబంధించిందే.

మంచు పొరల లోపల ఏముందో చెప్పడంలో ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసేవాళ్ళు కూడా పొరబడతారు. వాలు ఎన్ని డిగ్రీలుందో మాత్రం మొదటిసారి వెళ్ళినవారు కూడా కొలవగలరు. అందుకే కింది పద్ధతంతా వాలు కోణం చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణకి గుల్మార్గ్, దాని పైనున్న అఫర్వత్ కొండ తీసుకున్నాం. మన రాష్ట్రాల నుంచి శీతాకాలంలో ఎక్కువమంది వెళ్ళే చోట్లలో అదొకటి, నిజమైన ప్రమాదాలు జరిగిన చోటు కూడా. 2023 ఫిబ్రవరి 1న అక్కడ ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ మంచుచరియల్లో చనిపోయారు.

తెలిసి ఉండాల్సింది ఇంతే

మంచు ఒకేసారి పడి అలా ఉండిపోదు. పొరలు పొరలుగా పేరుకుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో పలచగా పడిన మంచు నిర్మలమైన చలి రాత్రుల్లో ఇడ్లీ రవ్వలా పొడిపొడి పలుకులుగా మారిపోతుంది, చేత్తో ముద్ద చేద్దామన్నా నిలవదు. దాని మీద జనవరిలో పెద్ద మంచు పడి గట్టి పలకలా బిగుస్తుంది. కింది పలుకుల పొర మీ బరువుకి కూలితే పైనున్న పలక మొత్తం ఒక్కసారిగా జారుతుంది. మనుషుల్ని చంపేవాటిలో ఎక్కువ ఈ పలక చరియలే. పలక మీ కాళ్ళ దగ్గర కాదు, మీకు చాలా పైన తెగుతుంది. అప్పటికి మీరు దాని మధ్యలో ఉంటారు.

ఇవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో మొదలవుతాయి. అన్నిటికంటే ప్రమాదం 35 నుంచి 40 మధ్య. 30 లోపు అరుదు, 25 లోపు మరీ అరుదు. ప్రాణాలు పోయిన పదింట తొమ్మిది ప్రమాదాల్లో చరియని కదిలించింది ఆ మనిషో, అతని బృందంలోవారో. ఇది భయపెట్టే మాటే అయినా, నిర్ణయం మన చేతిలో ఉందనే అర్థం కూడా ఇందులోనే ఉంది. గట్టిగా అరిస్తే చరియ పడుతుందన్నది సినిమా మాట. శబ్దంతో పడదు, బరువుతో పడుతుంది.

కావాల్సినవి

ప్రతి మనిషి దగ్గరా ఉండాల్సినవి మూడు. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ పెద్దగా పనికిరావు.

- బీకన్: మూడు యాంటెనాల డిజిటల్‌ది. అన్ని కంపెనీలవీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఒకరిది ఒక బ్రాండ్, ఇంకొకరిది మరొకటి అయినా ఫర్వాలేదు.
- ప్రోబ్: మంచులోకి గుచ్చి మనిషిని వెతికే కడ్డీ, మడత విప్పితే కనీసం 240 సెంటీమీటర్లు ఉండాలి.
- పార: అల్యూమినియం పళ్ళెం, పొడవు పెంచుకోగల పిడి. ప్లాస్టిక్ పార వద్దు. జారి ఆగిన మంచు గట్టిగా బిగుసుకుపోతుంది, ప్లాస్టిక్ దిగదు.

వీటితో పాటు ఆఫ్‌లైన్ మ్యాప్ వేసుకున్న ఫోన్, పవర్ బ్యాంక్, తలకి కట్టుకునే లైటు, హెల్మెట్, రేకు దుప్పటి, అదనంగా ఒక డౌన్ జాకెట్, పొడి గ్లవ్స్, రెండు నడక కర్రలు. జమ్మూకశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఒక్కటైనా బృందంలో ఉండాలి.

కొనాలా, అద్దెకి తీసుకోవాలా? ఏడాదికి ఒకసారి వెళ్ళేవాళ్ళకి అద్దె చాలు. గుల్మార్గ్‌లో స్కీ సామాను దుకాణాల్లో మూడూ కలిపి అద్దెకిస్తారు. తీసుకునేటప్పుడు దుకాణంలోనే ఆన్ చేసి బ్యాటరీ శాతం చూడండి. 60 కంటే తక్కువుంటే కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయించుకోండి. మళ్ళీ ఛార్జ్ చేసుకునే సెల్స్ వద్దు, వాటి విషయంలో బీకన్ చూపించే శాతం నమ్మదగింది కాదు. ప్రోబ్ విప్పి తాడు బిగించి, కడ్డీ ఊగకుండా నిలబడుతోందా చూడండి. తాడు తెగిన ప్రోబ్‌లు అద్దె సంచుల్లో తరచూ కనిపిస్తాయి.

గాలిసంచి బ్యాగ్ ఉంటే మంచిదే, చరియలో పైకి తేలే అవకాశం పెరుగుతుంది. కానీ చెట్లకి, రాళ్ళకి కొట్టుకుంటే అది కాపాడదు. జాకెట్‌లో కుట్టిన రెక్కో చిప్ బీకన్‌కి బదులు కాదు. దాన్ని వెతికే యంత్రం సహాయక దళాల దగ్గరే ఉంటుంది, వాళ్ళు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఫోన్ యాప్‌లని బీకన్‌గా నమ్ముకోవడం అసలే వద్దు.

విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. అమెరికాలో ట్రెక్‌లకి వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలనీ, శాటిలైట్ ఫోన్లనీ ఇండియాలో అనుమతి లేకుండా ఉంచుకోవడం చట్టవిరుద్ధం. విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. ఇంట్లో పెట్టి రండి.

1. ఒక రోజు ఖాళీగా ఉంచి టికెట్లు తీసుకోండి

శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి బయల్దేరి, శని, ఆదివారాలు కొండ మీద గడిపి, సోమవారం ఆఫీసుకి అనుకున్నారంటే ప్రమాదాన్ని టికెట్‌తో పాటే బుక్ చేసుకున్నట్టు. కశ్మీర్‌కి మంచు తెచ్చేవి పశ్చిమ అల్పపీడనాలు. అవి మీ సెలవులు చూసుకుని రావు. పెద్ద మంచు పడుతున్నప్పుడూ, ఆగాక మొదటి 24 నుంచి 48 గంటల్లోనూ చరియలు ఎక్కువగా పడతాయి. సరిగ్గా అప్పుడే ఆకాశం తేటపడి ఫొటోలకి బాగుంటుంది, అందరూ పైకి పరిగెడతారు. తిరుగు ప్రయాణం కనీసం ఒక రోజు వెనక్కి జరపండి. మంచు ఆగిన మర్నాడు కొండ ఎక్కకుండా ఊళ్ళోనో అడవి దారిలోనో తిరగడానికి ఆ రోజు పనికొస్తుంది.

2. బులెటిన్ చూడండి, దాని హద్దు కూడా తెలుసుకోండి

మన దేశంలో అవలాంచ్ హెచ్చరికలు ఇచ్చేది డీఆర్‌డీవో కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్ఈ. ఒకప్పుడు మనాలీలో సాసే పేరుతో మొదలైన సంస్థ ఇదే. ఈ హెచ్చరికల్ని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థలు, జిల్లా అధికారులు, పత్రికలు బయటికి చెబుతాయి. "ఫలానా జిల్లాలో 2,500 మీటర్లకి పైన వచ్చే 24 గంటల్లో మధ్యస్థాయి ప్రమాదం" అన్నట్టు ఉంటుంది.

గమనించాల్సిందేమిటంటే, ఇది జిల్లా మొత్తానికి చెప్పిన మాట. మీరు దాటబోయే వాలు గురించి కాదు. మీ జిల్లా పేరు లేదంటే భయం లేదని కూడా కాదు. గుల్మార్గ్‌లో స్కీ పెట్రోల్ (మంచు వాలుల్ని కాపలా కాసే బృందం) ఆ కొండకే ప్రత్యేకంగా ప్రమాద స్థాయి చెబుతుంది. రోజూ ఉదయం అదీ తెలుసుకోండి.

స్థాయిలు అయిదు: 1 తక్కువ, 2 మధ్యస్థం, 3 గణనీయం, 4 ఎక్కువ, 5 అత్యధికం. చాలామంది 3ని "అయిదుకి మూడు, సగటు" అని చదువుకుంటారు. ఇది ప్రాణం తీసే పొరపాటు. 3 అంటే మనిషి బరువుకే చరియ జారే అవకాశం బాగా ఉందని. 4, 5 ఉన్నరోజు జనం ఎలాగూ ఇంట్లో ఉంటారు, 3 ఉన్న రోజు కొండెక్కుతారు. అందుకే చావులు ఆ స్థాయిలో ఎక్కువ. కొత్తవాళ్ళకి మా సలహా ఇది:

- 1, 2 ఉంటే: 30 డిగ్రీల లోపు దారి. 2 అన్నప్పుడు ఎక్కడ ప్రమాదమో బులెటిన్‌లో ఏమైనా రాస్తే అది చదవండి.
- 3 ఉంటే: 25 లోపు, పైన కూడా నిటారు వాలు లేని దారి మాత్రమే.
- 4, 5 ఉంటే: ఊళ్ళోనే. నాలాలు (కొండవాగులు) దాటే రోడ్డు ప్రయాణం కూడా వాయిదా వేయండి.
- బులెటిన్ దొరక్కపోతే: 3 ఉన్నట్టే లెక్క.

అమెరికాలో ఉండేవాళ్ళ పని ఇంకా సులువు. అవలాంచ్ డాట్ ఆర్గ్ తెరిస్తే దేశమంతటి ప్రాంతీయ కేంద్రాలూ మ్యాప్ మీద కనిపిస్తాయి. సియాటిల్ చుట్టుపక్కల వాళ్ళకి ఎన్‌డబ్ల్యూఏసీ, డెన్వర్ వాళ్ళకి సీఏఐసీ. ఏ ఎత్తులో, ఏ దిక్కు వాలు మీద, ఏ రకం చరియ అన్నది బొమ్మ గీసి మరీ చెబుతారు. స్నోషూలు అద్దెకి తీసుకుని వేసవిలో నడిచిన దారేగా అని బయల్దేరేవాళ్ళు ముందు ఇది చూడాలి. వేసవి దారి శీతాకాలంలో చరియల బాట కిందుగా పోతూ ఉండొచ్చు.

3. మ్యాప్ మీద దారి గీయండి. అసలు పని ఇక్కడే

ఇంట్లో కూర్చుని, వెచ్చగా, తొందర లేకుండా చేసే పని ఇది. కొండ మీద అలసిపోయి, చలిలో, నలుగురి ముందు తీసుకునే నిర్ణయం దీనికి సాటిరాదు.

కాల్‌టోపో, గాయా జీపీఎస్ లాంటి యాప్‌లలో వాలుని రంగుల్లో చూపించే పొర ఉంటుంది. అది ఆన్ చేసి మీ దారి గీయండి. తర్వాత మూడు విషయాలు వెతకండి.

మొదటిది, దారి మీద 30 దాటిన చోట్లు. అయితే హిమాలయాలకి ఈ యాప్‌లు వాడే ఎత్తుల లెక్క సుమారు 30 మీటర్ల గళ్ళతో వేసింది. ఆ గళ్ళలో చిన్న నిటారు గట్టు కలిసిపోతుంది. తెరమీద 27 చూపించిన చోట నేల మీద 35 ఉండటం మామూలే. కాబట్టి తెర మీద 25 దాటినదంతా అనుమానంగానే చూడండి. అనుమానం ఉన్నచోట చేత్తో లెక్క కట్టండి: 100 మీటర్ల ఎత్తు పెరగడానికి మ్యాప్ మీద అడ్డంగా 275 మీటర్లు పడితే 20 డిగ్రీలు, 173 మీటర్లయితే 30, 143 మీటర్లయితే 35. కాగితం మ్యాప్ 1:50,000 స్కేలుదైతే 100 మీటర్ల ఎత్తు గీతలు మూడున్నర మిల్లీమీటర్ల లోపే ముగిశాయంటే 30 దాటినట్టే.

రెండోది, దారికి పైన ఏముంది. దీన్ని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు చదునైన మైదానంలో నడుస్తుండొచ్చు, చరియ పైన 38 డిగ్రీల వాలులో పుట్టి మీ దాకా వస్తుంది. మీరు నిలబడే చోటు నుంచి పై వాలు శిఖరం వైపు గీత గీస్తే, ఆ గీత కోణం 20 డిగ్రీలు దాటితే పెద్ద చరియ మీ దాకా రావచ్చని లెక్క వేసుకోండి. గుడారం వేసే చోటు, భోజనానికి ఆగే చోటు, బండి ఆపే చోటు ఈ పరీక్షలో తప్పకుండా నెగ్గాలి.

మూడోది, కింద ఏముంది. వాలు కింద నాలా, ఇరుకు లోయ, రాతి అంచు, చెట్ల గుంపు ఉంటే చిన్న చరియ కూడా ప్రాణం తీస్తుంది. నాలాలోకి జారిన మంచు పక్కలకి పరుచుకోలేక మీటర్ల లోతుగా పేరుకుంటుంది.

గీత పూర్తయ్యాక ఇంకో దారి కూడా గీయండి, మొదటిదానికంటే సులువైనది. రెండోది లేకపోతే కొండ మీద మీకు మిగిలేది ముందుకెళ్ళడం ఒక్కటే. అఫర్వత్ విషయానికొస్తే, గండోలా రెండో దశ దాదాపు 3,980 మీటర్ల దగ్గర దింపుతుంది. గండోలా చుట్టూ స్కీ పెట్రోల్ చూసుకునే భాగం వేరు, తాడు హద్దు దాటి పక్క లోయల్లోకి దిగితే వేరు. హద్దు అవతల పేలుడుతో మంచు దించేవాళ్ళూ ఉండరు, రోజూ చూసేవాళ్ళూ ఉండరు. నడిచేవాళ్ళకి అక్కడ పని లేదు. కొంగ్‌డోరీ (గండోలా మొదటి దశ ఆగే చోటు) దిగువన, అడవి అంచుల్లో, 25 లోపు వాలు కావలసినంత ఉంది.

గీసిన దారి, తిరిగొచ్చే సమయం, ఏ గంటకి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో రాసి హోటల్లో ఒకరికి, ఇంట్లో ఒకరికి పంపండి.

4. బీకన్ ఒంటి మీద పెట్టుకుని అందరివీ పరీక్షించండి

జాకెట్ లోపల, పట్టీలతో ఒంటికి కట్టుకోండి. బ్యాగ్‌లో పెట్టకండి, చరియలో బ్యాగ్ ఊడిపోవచ్చు. హోటల్ గది దాటేటప్పుడు ఆన్ చేస్తే తిరిగి గదికి వచ్చాకే ఆఫ్.

ఫోన్, స్మార్ట్ వాచ్, గోప్రో, పవర్ బ్యాంక్, వేడిచేసే గ్లవ్స్ బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్లు. ఛాతీ జేబులో ఫోన్ పెట్టుకునే అలవాటుంటే ఇప్పుడే ప్యాంటు జేబుకి మార్చండి.

పరీక్ష ఇలా: నాయకుడు తన బీకన్‌ని వెతికే మోడ్‌లో పెట్టి నిలబడతాడు. మిగతావాళ్ళు పంపే మోడ్‌లో ఒకరి వెనక ఒకరు, మధ్యలో బాగా ఎడం ఉంచి, అతని పక్కనుంచి నడుస్తారు. ప్రతి ఒక్కరికీ దూరం సంఖ్య కనిపించాలి. తర్వాత తిరగేసి, నాయకుడు పంపే మోడ్‌లోకి మారి నడుస్తాడు, మిగతావాళ్ళు అతన్ని పట్టుకోగలుగుతున్నారా చూస్తారు. పరీక్ష అయ్యాక అందరూ పంపే మోడ్‌కి తిరిగొచ్చారని నోటితో చెప్పించుకోండి. వెతికే మోడ్‌లో మరిచిపోయి నడిచేవాళ్ళ బీకన్ మంచు కింద ఏమీ పలకదు.

ముందు రోజు సాయంత్రం గుల్మార్గ్ గోల్ఫ్ మైదానం లాంటి చదును చోట సాధన చేయండి. ఒక బీకన్‌ని సంచిలో చుట్టి మంచులో పాతండి, దాచినవాళ్ళు చోటు చెప్పకూడదు. 40 మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి ప్రోబ్ తగిలేదాకా 5 నిమిషాల లోపు పూర్తవ్వాలి. బృందంలో ప్రతి ఒక్కరూ చేయాలి, గైడ్ ఒక్కడే కాదు. మంచు కిందికి పోయేది గైడే కావచ్చు.

5. నేల మీద వాలు కొలవండి

ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ ఉంటే, నడక కర్రని వాలు దిగే దిక్కుగా మంచు మీద పడుకోబెట్టి దాని మీద ఫోన్ అంచు ఆనించండి. ఎదురుగా ఉన్న వాలైతే దూరం నుంచి, దాని పక్కవాటుగా నిలబడి, ఫోన్ అంచుని వాలు గీతతో కలిపి చూడండి. ముందు నుంచి చూస్తే ఏ వాలైనా ఉన్నదానికంటే నిటారుగా కనిపిస్తుంది.

ఫోన్ చలికి ఆగిపోతే ఒకే పొడవున్న రెండు కర్రలు చాలు. ఒక కర్రని వాలు దిగే దిక్కుగా మంచు మీద నొక్కండి, అచ్చు పడుతుంది. ఆ కర్ర మొనని అచ్చు పై కొస దగ్గర ఆనించి పిడిని లేపండి. రెండో కర్ర పిడిని మొదటిదాని పిడితో కలిపి పట్టుకుని, దాని మొన నిటారుగా కిందికి వేలాడేలా వదలండి. పిడులు విడిపోకుండా మొదటి కర్రని మెల్లగా దించుతూ, వేలాడే మొన మంచుని ఎక్కడ తాకుతుందో చూడండి. సరిగ్గా అచ్చు కింది కొస మీద తాకితే వాలు 30 డిగ్రీలు. కొస దాటి దిగువన తాకితే 30 కంటే ఎక్కువ, ప్రతి 10 సెంటీమీటర్లకీ సుమారు 3 డిగ్రీలు కలుపుకోండి. కొసకి ఎగువనే తాకితే 30 లోపు.

కొలిచే చోటు గురించి ఒక జాగ్రత్త: అనుమానమున్న వాలు మధ్యలోకి వెళ్ళి కొలవకండి. దాని అంచున, అదే కోణంలో ఉన్న రెండు మూడు మీటర్ల చిన్న గట్టు మీద కొలవండి.

6. ఈ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా దారి మార్చండి

- ఆ రోజో ముందు రోజో పడిన చరియ అదే దిక్కు వాలు మీద కనిపించడం. ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.
- అడుగు వేయగానే మంచు కింద 'ధుమ్'మని కుంగిన శబ్దం. కింది పొర కూలిన చప్పుడు అది. మీరు చదును మీద ఉన్నారు కాబట్టి బతికారు, అంతే.
- కాలి దగ్గర నుంచి మంచులో పగులు గీతలా పరిగెత్తడం.
- గత 24 గంటల్లో 30 సెంటీమీటర్లకి పైగా కొత్త మంచు, లేదా మంచు మీద వాన.
- శిఖరం అంచున మంచు పొగలా ఎగిరి పడుతుండటం. గాలి తగిలే వైపు నుంచి ఊడ్చిన మంచంతా గాలిచాటు వైపు పలకలుగా చేరుతుంది. కొత్త మంచు పడకపోయినా గాలి ఒక్కటే కొన్ని గంటల్లో వాలుని ప్రమాదంగా మార్చగలదు.
- ఒక్కసారిగా వేడెక్కడం. వాలు మీద మంచు ఉండలు తమంతట తాము దొర్లడం.

చెట్లు కూడా చెబుతాయి. పొడవైన దేవదారు అడవి మధ్యలో పైనుంచి కిందికి బోసిగా ఉన్న చార, ఎగువ వైపు కొమ్మలన్నీ విరిగి దిగువ వైపు మాత్రమే మిగిలిన చెట్లు, ఒకే దిక్కుకి వంగిన లేత మొక్కలు ఉంటే అది చరియల బాట.

శిఖరం అంచు మీద నడిచేటప్పుడు గాలిచాటు వైపు మంచు శూన్యంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. కింద నేల ఉందనిపిస్తుంది, ఉండదు. విరిగితే మీరనుకున్నదానికంటే బాగా వెనక నుంచి విరుగుతుంది. గాలి తగిలే వైపు, రాళ్ళు తేలిన చోట నడవండి.

గుంట తవ్వి పొరలు పరీక్షించమంటారా అని అడుగుతుంటారు. శిక్షణ ఉంటే చేయండి. అయితే ఆ పరీక్ష 'వద్దు' అని చెబితే నమ్మాలి, 'ఫర్వాలేదు' అంటే నమ్మకూడదు. 20 మీటర్ల అవతల పొరలు వేరుగా ఉండొచ్చు.

7. దాటక తప్పని చోట దాటే పద్ధతి

1. ముందు, దాటాక ఆగే చోటు ఎంచుకోండి: గుట్ట వీపు, దట్టమైన చెట్లు, వాలుకి దూరంగా ఉన్న మిట్ట. మధ్యలో ఆగడం లేదు.
2. కర్రల పట్టీల్లోంచి చేతులు తీసేయండి. పట్టీలు వేసుకుంటే కర్రలు లంగరులా లోపలికి లాగుతాయి. టోపీ, జాకెట్ జిప్పు బిగించండి.
3. ఒకరు దాటుతుండగా మిగతావాళ్ళు కళ్ళు తిప్పకుండా చూడాలి. అవతలి చోటు చేరాకే రెండోవారు. వెడల్పు ఎక్కువై ఒక్కొక్కరుగా వీలుకాకపోతే కనీసం 50 మీటర్ల ఎడం.
4. వీలైనంత ఎగువన దాటండి, పైన మంచు తక్కువుంటుంది. మధ్యలో దాటితే సగం పలక మీ నెత్తి మీదుంటుంది.
5. ఫొటోలు, నీళ్ళు, షూ లేసులు అవతల.

పది మంది గుంపుగా గుసగుసలాడుతూ వాలు కింద నిలబడి గైడ్ కోసం ఎదురుచూడటం ట్రెక్ బృందాల్లో రోజూ కనిపించే దృశ్యం. ఆ గుంపుని విడదీయండి, మీకు ఆ అధికారం లేకపోయినా సరే.

8. గడియారం చూసి తిరగండి

మార్చి దాటాక ఎండ అసలు శత్రువు. రాత్రి గడ్డకట్టిన మంచు ఉదయానికి గట్టిగా ఉంటుంది. తూర్పు వాలులు ముందు మెత్తబడతాయి, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. తెల్లవారకముందే బయల్దేరి 11 లోపు నిటారు వాలుల కింది నుంచి బయటపడండి. పరీక్ష తేలిక: తడి మంచులో బూటు చీలమండ దాటి దిగుతుంటే మీకు ఆలస్యమైపోయింది. రాత్రి మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోతే ఆ రోజు బయల్దేరొద్దు.

9. ప్రమాదం జరిగితే

చరియ మీ కాళ్ళ కింద కదిలితే అరవండి, గాలిసంచి ఉంటే లాగండి, పక్కకి బయటపడటానికి శాయశక్తులా ప్రయత్నించండి. పడిపోతే పైన ఉండటానికి పెనుగులాడండి. వేగం తగ్గుతుండగా చేతులు ముఖం ముందు పెట్టి గాలికి చోటు చేసుకోండి. ఆగాక మంచు బిగుసుకుంటుంది, వేలు కూడా కదలదు.

పైనున్నవాళ్ళ చేతిలో ఉన్నది మొదటి 10, 15 నిమిషాలు. ఆలోపు తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే బతికేవాళ్ళు బాగా తక్కువ. ఊపిరాడకే ఎక్కువమంది పోతారు. కాబట్టి సాయం కోసం కిందికి పరిగెత్తకండి, ఒకరు 112కి ఫోన్ చేస్తుండగా మిగతావాళ్ళు వెతకడం మొదలుపెట్టండి.

1. ఇంకో చరియ వస్తుందా చూడండి. ఒకరు నాయకత్వం తీసుకోవాలి, మనుషుల్ని లెక్కపెట్టాలి.
2. పైనున్న అందరి బీకన్‌లూ వెతికే మోడ్‌కి మార్చాలి. ఒక్కరు మరిచినా అందరూ ఆ సిగ్నల్ వైపే పరిగెడతారు.
3. చివరిసారి కనిపించిన చోటు నుంచి దిగువకి వెతకండి. ఇద్దరు ముగ్గురుంటే మధ్య 40 మీటర్ల ఎడంతో సమాంతరంగా దిగండి. పైకి తేలిన గ్లవ్, కర్ర కనిపిస్తే లాగి చూడండి, మనిషి దానికే ఉండొచ్చు.
4. బీకన్ చూపించే దూరం సంఖ్య 10కి వచ్చాక నెమ్మదించండి. 3కి వచ్చాక బీకన్‌ని మంచుకి ఆనించినంత కిందికి దించి, తిప్పకుండా, ముందువెనకలకీ పక్కలకీ జరుపుతూ అతి తక్కువ సంఖ్య వచ్చే చోటు గుర్తుపెట్టండి. ఇక్కడ తొందరపడి చేయి ఊపడమే ఎక్కువమంది చేసే తప్పు.
5. ఆ చోటు నుంచి ప్రోబ్‌ని వాలుకి లంబంగా గుచ్చండి. నిటారుగా కాదు, మంచు ఉపరితలానికి లంబంగా. తగలకపోతే 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ తిరుగుతూ గుచ్చండి. నేల తగిలితే టక్కున ఆగుతుంది, మనిషి తగిలితే మెత్తగా ఎదురుతన్నుతుంది. తగిలాక ప్రోబ్ పీకకండి.
6. ప్రోబ్ మీద లోతు చదవండి. దానికి ఒకటిన్నర రెట్లు దిగువన తవ్వడం మొదలుపెట్టండి. లోతు ఒక మీటరైతే మీటరున్నర కింద నుంచి. ప్రోబ్ దగ్గరే గొయ్యి తవ్వితే మనిషి మీదే నిలబడతారు, మంచు వేయడానికి చోటూ ఉండదు. ఒకరు ముందు గడ్డలు కోస్తుంటే వెనకవాళ్ళు తెడ్డు వేసినట్టు వెనక్కి తోయాలి. రెండు నిమిషాలకోసారి ముందువారిని మార్చండి.
7. ముందు తల, ఛాతీ. నోట్లో మంచు తీసి, ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. ఊపిరి ఉంటే అడ్డంగా పడుకోబెట్టి, మెల్లగా కదుపుతూ, కిందా పైనా దుప్పటి చుట్టండి. చేతులు కాళ్ళు రుద్దకండి, మద్యం పట్టకండి. ఒళ్ళు చల్లబడి కదలడం లేదని చనిపోయారని తేల్చేయకండి, వైద్యులు చెప్పేదాకా ఆపొద్దు.

తరచూ జరిగే తప్పులు

అడుగుల జాడ ఉంది కాబట్టి దారి మంచిదేనని వెళ్ళడం. పదకొండో మనిషి బరువుకి జారిన వాలులు ఎన్నో. పలక పలచగా ఉన్న చోట, రాళ్ళ పక్కన, అతని కాలు సరిగ్గా కింది పొరకి తగులుతుంది.

గైడ్ ఉన్నాడు కదా అని ఏమీ అడగకపోవడం. "భయ్యా, ఈ వాలు ఎన్ని డిగ్రీలు? ఇవాళ బులెటిన్ ఏంటి? మనం రెండో దారి ఏది?" అని ముందు రాత్రే అడగండి. మంచి గైడ్‌కి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. విసుక్కుంటే ఆ కంపెనీతో వెళ్ళొద్దు.

బృందంలో ఒకరికి అనుమానం వచ్చినా బయటికి చెప్పకపోవడం. ఎవరైనా ఒక్కరు 'వద్దు' అంటే అందరూ వెనక్కి, కారణం అడగడం హోటల్‌కి వచ్చాకే అని బయల్దేరే ముందే ఒప్పందం చేసుకోండి. పెద్దవాళ్ళ ముందు, సీనియర్ల ముందు నోరు మెదపని మన అలవాటుకి ఈ నియమం చాలా అవసరం.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఏమీ జరగలేదు కాబట్టి నిర్ణయం సరైందే అనుకోకండి. ప్రమాదమున్న వాలు కూడా చాలాసార్లు ఊరుకుంటుంది. రాత్రి భోజనం దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి: గీసిన దారిలోనే నడిచామా? 30 దాటిన చోట ఎక్కడైనా నిలబడ్డామా, తెలిసి నిలబడ్డామా తెలియక నిలబడ్డామా? ఈరోజు ఆ వాలు జారి ఉంటే చూసేవాళ్ళు, తవ్వేవాళ్ళు బయట ఉండేవారా? మూడింటిలో దేనికైనా జవాబు తడబడితే మర్నాటి దారి ఇంకా తక్కువ వాలున్నది గీయండి.

ఇంటికొచ్చాక, బీకన్ సొంతదైతే సెల్స్ తీసేసి భద్రపరచండి. ఏడాది పొడుగునా లోపలే ఉంటే కారిపోయి మొనలు తుప్పుపడతాయి. పార, ప్రోబ్ తడి ఆరాకే మడవండి, ప్రోబ్ తాడు ఎక్కడైనా నలిగిందేమో వేలితో తడిమి చూడండి.